విల్లు (వీలునామా) ఒక్కటే చాలదు: భూమి వ్యాపారంలో పండిన పెద్దాయన ఇంటికి వదిలే లెక్క

రియల్ ఎస్టేట్‌లో నలభై యాభై ఏళ్లు తిరిగిన మనిషి సంపాదనలో చాలా భాగం ఆయన పేరు మీద రిజిస్టరై ఉండదు. కొంత అగ్రిమెంట్ల మీద, కొంత పార్ట్‌నర్ల మాట మీద, కొంత జీపీఏల (యజమాని తరఫున వ్యవహరించే అధికారమిచ్చే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీల) మీద నడుస్తుంటుంది. ఉద్యోగం చేసి రిటైరైన వ్యక్తి పోతే ఇంట్లోవాళ్లకు పింఛను కాగితాలు, బ్యాంకు పాస్‌బుక్, ఇంటి దస్తావేజు దొరుకుతాయి. పంపకం వాటితో తేలిపోతుంది. భూమి వ్యాపారి పోతే దొరికేవి బీరువా నిండా స్టాంపు కాగితాలు, సగం నిండిన డైరీలు, ఫోనులో వందల పేర్లు. ఏ కాగితం ఇంకా చెల్లుతుంది, ఏది ఎప్పుడో తీరిపోయిన లెక్క, ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుంచి ఎంత రావాలి అన్న ప్రశ్నలన్నీ "అది నాన్నకే తెలుసు" అన్న మాట దగ్గర ఆగిపోతాయి.

అందుకే ఇలాంటి ఇళ్లలో విల్లు రాయించుకుంటే పని అయిపోయినట్టు కాదు. విల్లు పంచగలిగేది చట్టం దృష్టిలో ఆయన సొంతమైన ఆస్తిని మాత్రమే. తెగని బేరాన్ని అది తెంచలేదు. వేరొకరి తరఫున ఆయనకున్న అధికారాన్ని కొడుక్కో కూతురికో బదలాయించలేదు. ఆ పనులు ఆయన ఉన్నప్పుడే, గుర్తున్నప్పుడే జరగాలి. వృత్తిలో ఎన్నేళ్లు గడిస్తే తెగని బేరాలు అన్ని పేరుకుంటాయి. కనుక నిండు జీవితం గడిపిన వ్యాపారి ఇంట్లోనే ఈ అవసరం అందరికంటే ఎక్కువ.

మారిన రికార్డులు, మారని కాగితాలు

1970ల చివర్లో ఈ వృత్తిలోకి వచ్చిన మనిషి చూసిన మార్పులు తక్కువేమీ కావు. మొదట్లో ఊరి భూమి లెక్క కరణం చేతిలో, తెలంగాణలో పట్వారీ చేతిలో ఉండేది. 1984లో ఆ వ్యవస్థ పోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. నగరాల్లో 1976 నాటి అర్బన్ సీలింగ్ చట్టం 2008లో రద్దయ్యేదాకా నడిచింది. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చుకోవడానికి నాలా చట్టం 2006లో వచ్చింది. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే రెరా చట్టం 2016లో, తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణి 2020 అక్టోబరులో, దాని స్థానంలో భూభారతి 2025 ఏప్రిల్‌లో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు కనిపిస్తున్నాయి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు చీలాయి. మండలాల పేర్లూ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల పరిధులూ మారాయి.

వీటిలో ఏ మార్పు వచ్చినా బీరువాలోని కాగితం మాత్రం అప్పటి తాలూకా పేరుతో, అప్పటి హద్దులతో అలాగే ఉంటుంది. 1987 దస్తావేజులో "తూర్పు: పెద్ద వాగు, పడమర: ఫలానావారి చెలక" అని ఉంటుంది. ఇప్పుడు వాగు మీద రోడ్డు, చెలకలో అపార్ట్‌మెంటు. ఆ ప్లాటు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగే మనిషి ఆయనొక్కడే. కాబట్టి మొదటి పని కాగితాలు సర్దడం కాదు. ఆయనను కారులో ఎక్కించుకుని ప్రతి ప్లాటు దగ్గరికీ వెళ్లడం. అక్కడే ఫోనులో లొకేషన్ గుర్తుపెట్టుకోవాలి. నాలుగు మూలలా ఫోటోలు తీయాలి. పక్క ప్లాట్ల వాళ్ల పేర్లు రాసుకోవాలి. లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తో కొలిపించి హద్దురాళ్లు పాతించాలి. మోకాళ్లు సహకరించినంత కాలం ఇది సులువైన పని. ఆ తర్వాత ఎంత ఖర్చు పెట్టినా జరగని పని.

ఈ తిరుగుడులోనే పెద్ద ప్రమాదం ఒకటి బయటపడుతుంది. 1980లు, 90లలో నగరాల చుట్టూ గ్రామ పంచాయతీ లేఅవుట్లు పుట్టుకొచ్చాయి. రైతు దగ్గర జీపీఏ తీసుకుని, సర్పంచి సంతకంతో ప్లాను గీయించి, గజాల లెక్కన అమ్మేశారు. ప్లాట్లు సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరయ్యాయి. రెవెన్యూ రికార్డులో మాత్రం భూమి మార్పిడి జరగలేదు. పహాణీలో (గ్రామ సాగు భూమి రికార్డులో) రైతు పేరు, ఎకరాల లెక్క అలాగే మిగిలిపోయాయి. తర్వాత ఆ పేరు మీదే కొత్త పాస్ పుస్తకాలు వచ్చాయి. రైతు పోయాక, ప్లాట్ల సంగతి తెలియకో తెలిసో వారసులు అదే భూమిని ఎకరాలుగా మళ్లీ అమ్ముతున్నారు. ముప్పై ఏళ్ల కింద కొన్నవాళ్లు పాత సేల్ డీడ్ పట్టుకుని, అప్పుడు జీపీఏ హోల్డర్‌గా సంతకం పెట్టిన పెద్దాయన ఇంటికి వస్తారు. ఆయన చేసింది మోసం కాకపోవచ్చు. కానీ సాక్ష్యం చెప్పాల్సింది, అసలు జీపీఏ ప్రతి, లేఅవుట్ ప్లాను చూపించాల్సింది ఆయనే. ఈ రెండు కాగితాల స్కాన్ ప్రతులు, ఏ ప్లాటు ఎవరికి ఏ డాక్యుమెంటు నంబరుతో అమ్మారన్న జాబితా ఇంట్లో ఉంటే కొన్నవాళ్లూ బయటపడతారు, ఆయన పేరూ నిలుస్తుంది.

ఇంట్లోనే మిగిలిన అలాంటి ప్లాట్లను ప్రభుత్వం ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం) అవకాశం ఇచ్చినప్పుడు క్రమబద్ధం చేయించుకోవాలి. తెలంగాణ 2020 పథకానికి కటాఫ్ 2020 ఆగస్టు 26. అసైన్డ్ భూమిలో (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమిలో) వేసిన ప్లాట్ల సంగతి వేరు. 1977 చట్టం ప్రకారం ఆ బదిలీయే చెల్లదు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింది నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉందో లేదో ముందుగా చూసుకుంటే అలాంటి ప్లాట్ల మీద వృథా ఖర్చు తప్పుతుంది.

ఈసీలో కనిపించేవి, కనిపించనివి

రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) సాధారణంగా 1983 జనవరి నుంచే దొరుకుతుంది. అంతకుముందు లావాదేవీలకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత రికార్డు వెతికించాలి. పరిధులు మారిన చోట పాత ఆఫీసులో ఒకటి, కొత్త ఆఫీసులో ఒకటి తీయాలి. తెలంగాణలో ఇంకో మెలిక ఉంది. 2020 నవంబరు నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు దగ్గరికి వెళ్లింది. కాబట్టి ఎకరాల భూమికి రిజిస్ట్రేషన్ శాఖ ఈసీ శుభ్రంగా ఉన్నంత మాత్రాన భరోసా లేదు. భూభారతిలో కూడా చూడాలి.

ఇక ఈసీలో అసలు కనిపించని బాకీలు ఉంటాయి. ఈ వృత్తిలో చేతిబదుళ్లు మామూలు. ఒక బేరానికి డబ్బు తక్కువైతే ఇంకో ప్లాటు ఒరిజినల్ దస్తావేజు తెలిసిన ఫైనాన్షియర్ దగ్గర పెట్టి తెచ్చుకుంటారు. రిజిస్టర్ కాని ఆ కుదువ ఏ రికార్డులోనూ ఉండదు. ఒరిజినల్ బీరువాలో లేదంటే పోయిందనుకుని, వారసులు పోలీసు ఫిర్యాదు ఇచ్చి, పేపర్లో ప్రకటన వేయించి, సర్టిఫైడ్ కాపీ తీసుకుని అమ్మబోతారు. అప్పుడు ఫైనాన్షియర్ వస్తాడు. ఏ ఒరిజినల్ ఎవరి దగ్గర, ఎంతకు, ఏ వడ్డీకి ఉందో ఒక్క పేజీలో రాసి ఉంటే ఈ రభస ఉండదు.

అగ్రిమెంటుకు గడువుంది, జీపీఏకు ఆయుష్షుంది

కొనుగోలు అగ్రిమెంట్ల విషయంలో చాలా కుటుంబాలు ఒకే పొరపాటు చేస్తాయి. బీరువాలో 1996 నాటి అగ్రిమెంట్ దొరికితే అది ఆస్తి అనుకుంటాయి. లిమిటేషన్ చట్టం 54వ అధికరణ ప్రకారం రిజిస్ట్రేషన్ చేయమని దావా వేయడానికి గడువు మూడేళ్లు. అగ్రిమెంటులో తేదీ రాసి ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే అవతలివాళ్లు చేయబోమని చెప్పిన సంగతి తెలిసినప్పటి నుంచి లెక్క. భూమి స్వాధీనంలో ఉంటే కొంత రక్షణ ఉంది. కానీ 2001 సెప్టెంబరు 24 తర్వాత రాసుకున్న అగ్రిమెంటు రిజిస్టరైతేనే ఆ రక్షణ వర్తిస్తుంది. అడ్వాన్సు కట్టి వదిలేసిన పాత అగ్రిమెంట్లలో ఎక్కువ భాగం ఇప్పుడు ఉత్త కాగితాలే. వాటిని ప్రాణంలా దాచి పిల్లల మధ్య పంచడం కొత్త గొడవలకు విత్తనం వేయడమే. "చెల్లదు" అని ఎర్ర సిరాతో రాసి వేరే కవరులో పెట్టాలి.

ఆయన అమ్మకందారుగా ఉన్న అగ్రిమెంట్ల కథ వేరు. అడ్వాన్సు తీసుకుని ఆయన పోతే ఒప్పందం పోదు. భూమి వారసత్వంగా తీసుకున్నవాళ్లు ఆ ఒప్పందానికి కట్టుబడాలి. గడువు లోపల కొనుగోలుదారు మిగతా డబ్బుతో వస్తే వారసులందరూ కలిసి సంతకం పెట్టాలి, కూతుళ్లు కూడా. ఒక్కరు అమెరికాలో ఉంటే ఆ ఒక్క సంతకం కోసం అందరూ ఆగాలి. అక్కడి భారత కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ ధ్రువీకరించి పంపించాలి. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించి చెల్లుబాటు చేయించుకోవాలి.

జీపీఏ ఇంకా సున్నితం. కాంట్రాక్ట్ చట్టం 201వ సెక్షన్ ప్రకారం ఇచ్చినవాళ్లు పోయినా, తీసుకున్నవాళ్లు పోయినా అధికారం ముగుస్తుంది. డబ్బు చెల్లించి, ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఏర్పడిన చోట 202వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. కానీ అది ఉందని నిరూపించుకోవడానికి కోర్టు మెట్లు ఎక్కాల్సి రావచ్చు. జీపీఏ ద్వారా యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టం చేసింది. సేల్-కమ్-జీపీఏ (అమ్మకం అగ్రిమెంటు, జీపీఏ కలిపి రాసిన కాగితం) మీద కొని, "తర్వాత చూద్దాం" అని రిజిస్ట్రేషన్ ఖర్చు మిగుల్చుకున్న ప్లాట్లు ఈ తరం వ్యాపారుల దగ్గర చాలా ఉంటాయి. రెండు రాష్ట్రాల్లోనూ సేల్ డీడ్‌కు స్టాంపు డ్యూటీ, ఇతర ఫీజులు కలిపి మార్కెట్ విలువలో సుమారు 7.5 శాతం అవుతుంది. జీపీఏ ఇచ్చిన రైతుకు డెబ్బై, తీసుకున్న పెద్దాయనకు ఎనభై ఏళ్లు ఉన్నప్పుడు ఆ ఖర్చుకు వెనకాడటం తప్పు లెక్క. ఇద్దరూ ఉండగానే సేల్ డీడ్ చేయించుకోవాలి.

పార్ట్‌నర్లతో తెగని వాటాలు

వెంచర్లు ఒంటరిగా వేసేవాళ్లు తక్కువ. నాలుగు ఎకరాలు ముగ్గురు కలిసి కొన్నారనుకోండి. ఎకరానికి 4,840 గజాల లెక్కన 19,360 గజాలు. రోడ్లు, పార్కు, ఇతర ఖాళీ స్థలాలు పోగా అమ్మకానికి మిగిలేది 11,000 గజాలు అనుకుందాం. నడుమ ఉన్నవి త్వరగానే అమ్ముడుపోతాయి. చివర్లో వీధిపోటున్నవి, కరెంటు లైను కింద ఉన్నవి, వంకర మూలలవి ఐదారు మిగులుతాయి. వీటినే "కంపెనీ ప్లాట్లు" అంటారు. పంపకం నోటిమాటతో అయిపోయి, రిజిస్ట్రేషన్ మాత్రం ఇంకా భూమి యజమాని పేరు మీదే ఉంటుంది. ఇరవై ఏళ్లలో రేటు పదింతలైతే అప్పుడు ఎవరూ పట్టించుకోని ఆ మూల ప్లాట్లే మూడు కుటుంబాల మధ్య తగువుకు కారణమవుతాయి.

అనుమతి ఉన్న లేఅవుట్లలో ఇంకోటి చూసుకోవాలి. పనులు పూర్తిచేస్తామన్న హామీగా 15 శాతం ప్లాట్లు అనుమతి ఇచ్చిన సంస్థకు మార్టిగేజ్ (తాకట్టు) చేస్తారు. రోడ్లు, డ్రైనేజీ, కరెంటు పూర్తయి ఫైనల్ లేఅవుట్ వచ్చాకే అవి విడుదలవుతాయి. విడుదల చేయించకుండా ముందుండి నడిపిన మనిషి పోతే ఆ ఫైలు కదిలించేవాళ్లు ఉండరు.

చట్టరీత్యా పార్ట్‌నర్‌షిప్ సంస్థలో ఒకరు పోతే, డీడ్‌లో వేరేలా రాసుకోకపోతే సంస్థ రద్దవుతుంది. ఇద్దరే పార్ట్‌నర్లైతే రాసుకున్నా కొనసాగదు. మిగతావాళ్లు లెక్క తేల్చకుండా వ్యాపారం నడిపితే పోయినవారి వారసులు వాటాకు తగ్గ లాభమైనా, ఏడాదికి 6 శాతం వడ్డీ అయినా కోరుకోవచ్చని పార్ట్‌నర్‌షిప్ చట్టం 37వ సెక్షన్ చెబుతుంది. అయితే డీడే లేకుండా ముగ్గురు స్నేహితులు నడిపిన వెంచర్లలో ఈ సెక్షన్‌ను ఆసరా చేసుకోవడం కష్టం. ఏటా మార్చి 31న లెక్క తేల్చి అందరూ సంతకం చేసిన ఒక కాగితం ఉంటే, డీడ్ లేకపోయినా అదే సాక్ష్యం అవుతుంది.

ఒక్క పేజీ ఎలా ఉండాలి

పెద్దాయన చెబుతుండగా ఇంట్లో ఒకరు రాయాలి. ఒక్కో ఆస్తికి ఒక్కో పేజీ. ఉదాహరణకు: "ప్లాట్ 41, 40×60, 266.66 గజాలు, సర్వే నంబరు, గ్రామం, పాత మండలం, కొత్త మండలం. గజం 9,000 చొప్పున సుమారు 24 లక్షలకు అమ్మకం అగ్రిమెంట్. తేదీ, గడువు. అందింది 10 లక్షలు, బ్యాంకు ద్వారా. రావాల్సింది 14 లక్షలు. ఒరిజినల్ మన దగ్గరే. 2004 నుంచి లింకు డాక్యుమెంట్లు (ఆస్తి చేతులు మారిన పాత దస్తావేజులు) మూడు, అందులో ఒకటి జిరాక్స్. కొనుగోలుదారు ఫోన్. మధ్యవర్తి పేరు, ఇవ్వాల్సిన కమీషన్." కింద ఆయన సంతకం, తేదీ. అడ్వాన్సు నగదుగా తీసుకుంటే అదీ దాచకుండా రాయాలి. భూమి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదు అడ్వాన్సు తీసుకోవడాన్ని 2015 జూన్ నుంచి ఆదాయపన్ను చట్టం నిషేధించింది. పోయినవారి పన్ను బాకీకి వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకు బాధ్యులు.

అప్పుల సంగతీ ఇంతే. నాన్న చేసిన అప్పు కొడుకు తన సొంత సంపాదన నుంచి తీర్చాలన్న నిర్బంధం చట్టంలో లేదు. వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత. ఆయన మీద ఉన్న చెక్ బౌన్స్ కేసులో శిక్ష వారసులకు రాదు. డబ్బు వసూలు దావా మాత్రం ఆ ఆస్తి మీద నడుస్తుంది. ఈ తేడా తెలియక బెదిరింపులకు లొంగి ఇళ్లు అమ్ముకున్న కుటుంబాలున్నాయి. అలాగని నిజమైన బాకీ ఎగ్గొట్టడం కూడా తగదు. ఈ వృత్తిలో ఆయన నిలబెట్టుకున్నది మాటే కనుక.

ఇంటి ఆస్తి, పంపకం

సొంతంగా సంపాదించిన ఆస్తికి విల్లు లేకపోతే, హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి బతికుంటే తల్లి, అందరికీ సమాన వాటా. ముందే చనిపోయిన కొడుకు భార్యాబిడ్డలకు ఆ కొడుకు వాటా వెళుతుంది. పెళ్లైన కూతురికి కట్నం ఇచ్చామన్నది దీనికి అడ్డు కాదు. పూర్వీకుల ఆస్తిలోనైతే 2005 సవరణతో కూతుళ్లకు పుట్టుకతోనే హక్కు ఉంది. తండ్రి 2005 నాటికి బతికి ఉండాల్సిన అవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తేల్చింది. పసుపు కుంకుమ కింద నోటిమాటగా ఇచ్చిన అరెకరానికి రిజిస్ట్రేషన్ చేయకపోతే రెండో తరంలో అది ఎవరిదన్నది తేలదు. ఇచ్చినది ఇచ్చినట్టు దస్తావేజు చేయాలి.

తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో కూతుళ్ల పేర్లు వదిలేసి, కొడుకులే సంతకం పెట్టి అమ్మడం ఇప్పటికీ జరుగుతోంది. ఆ సర్టిఫికెట్ కుటుంబసభ్యులెవరో చెబుతుంది తప్ప ఆస్తి ఎవరిదో చెప్పదు. వదిలేసిన కూతురు దావా వేస్తే కొన్నవాళ్ల టైటిల్‌కు ఎసరు వస్తుంది. జీవితమంతా ఇతరుల లింకు డాక్యుమెంట్లలో ఇలాంటి లోపాలు వెతికిన మనిషి ఇంట్లోనే ఆ లోపం పుట్టకూడదు.

బతికుండగానే పిల్లలకు రాసివ్వాలనుకుంటే గిఫ్ట్ సెటిల్‌మెంట్ రిజిస్టర్ కావాలి. పుచ్చుకునేవాళ్లు దాత ఉండగానే అంగీకరించాలి. ముసలితనంలో చూసుకోవాలన్న షరతు అందులో స్పష్టంగా రాయించాలి. చూసుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద రద్దు కోరడానికి ఆ షరతే ఆధారం. ఉండే ఇల్లు మాత్రం రాసివ్వకుండా ఉంచుకోవడం మంచిది. భార్య బతికినంత కాలం ఆమె ఆ ఇంట్లో ఉండే హక్కును విల్లులో విడిగా రాయాలి.

విల్లుకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరీ కాదు. అయినా చేయించడం మేలు. ఇద్దరు సాక్షులు కావాలి. తన ఈడు స్నేహితులను సాక్షులుగా పెట్టుకోవడం ఈ తరంలో అలవాటు. తొంభై ఏళ్లు బతికితే ఆ సాక్షులు ముందే పోతారు. కోర్టులో విల్లు నిరూపించడానికి బతికున్న సాక్షి ఒక్కరైనా రావాలి. అందుకని యాభై లోపు వయసున్న, ఆస్తిలో వాటా లేని ఇద్దరిని ఎంచుకోవాలి. ఎనభై దాటాక రాస్తుంటే, ఆ రోజు మతి స్థిమితంగా ఉందని డాక్టరు రాసిచ్చిన కాగితం జతచేస్తే తర్వాత అనుమానాలకు తావుండదు.

పెద్దాయన మంచం మీద ఉన్నా పనులు ఆగనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ చట్టం 31, 38 సెక్షన్ల కింద దరఖాస్తు చేస్తే అధికారి ఇంటికో, ఆసుపత్రికో వచ్చి వేలిముద్రలు, సంతకాలు తీసుకోవచ్చు. నడవలేరని డాక్టరు సర్టిఫికెట్, నిర్ణయించిన ఫీజు, రాకపోకల ఖర్చు ఉంటే చాలు. దస్తావేజు ముసాయిదా ముందుగానే ఆయనకు చదివి వినిపించాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు ఆయన నోటితోనే సరిచూపించుకుని, అప్పుడే స్టాంపు డ్యూటీ చలానా కట్టాలి.